పానకం ఓడిన ఏకాదశి

చిరంజీవి ఫణిశ్రీకి, నీ మేనమామ గోపాలకృష్ణమూర్తి నిండు మనసుతో దీవించి వ్రాయునది.

ఈ ఉత్తరం తలమీద తేదీ లేదు, ఊరి పేరు లేదు. మరపు అనుకొని ఎర్రసిరాతో సున్న చుట్టకు. ఆ రెండూ లేని ఉత్తరలేఖనానికి మార్కులు కోస్తూ ఉద్యోగం ముగించినవాణ్ణి, తెలిసే వదిలాను. నేనున్న చోటు తెలిస్తే మీ అమ్మ సీతారామలక్ష్మి రాగిజావ కారియరుతో బస్సెక్కుతుంది. డాక్టరు యెహెజ్కేలు ఆమె వెనకే సూదితో వస్తాడు.

ఆ యెహెజ్కేలు నా దగ్గర పదో తరగతి చదివినవాడే. మొన్న నా రక్తపరీక్ష కాగితం చూసి, “మాస్టారండీ, ఇక మాత్రలతో అవ్వదండి. ఇన్సులిన్ మొదలెట్టేద్దామండి. అన్నం ఒక్క పూటేనండి, అదీ గుప్పెడేనండి” అన్నాడు. ఇంటికి వచ్చాక మీ అమ్మ ఆ గుప్పెడును తన గుప్పెటతో కొలిచింది. తల్లీ, అది పిచ్చుకకు వేసే కొలత. చుట్టూ వరిచేలు పెట్టుకొని, పప్పు మీద నెయ్యి పడ్డ వాసన పీలుస్తూ, నేను రాగిజావ గ్లాసు ముందు కూర్చోవాలా? కూర్చోను.

సరిగ్గా అప్పుడే నీవు పంపిన పరిశోధన వ్యాసం అందింది. నిఘంటువు పక్కన పెట్టుకొని చదివాను. ఎంజైము అన్న మాటకు మంచి తెలుగు కోసం వెతికి, దొరకక, సిగ్గుపడుతూ ఎంజైము అనే వ్రాస్తున్నాను. మనం తిన్న అన్నాన్ని పేగులో చక్కెరగా విడగొట్టే ఎంజైము ఒకటున్నదనీ, పట్టుపురుగులకు మేతగా వేసే మల్బరీ ఆకు రసం దానిని నూటికి డెబ్బైపాళ్ళు పనిచెయ్యనివ్వలేదనీ వ్రాశావు. ఇన్నాళ్ళూ పురుగులకు పెట్టాము కదా ఆ సంజీవిని!

నా వాహ్యాళి మిత్రుడు త్రిమూర్తులును నీ వెరుగుదువు, రాజమండ్రిలో చేపలవాళ్ళకు ఐసు అమ్ముతాడు. అతనికి ఒకచోట మల్బరీ తోటా, అందులో ఒక పెంకుటిల్లూ ఉన్నాయి. నేనిప్పుడు అందులో ఉన్నాను. మూడు పూటలా ఆకు కషాయం, రెండు పూటలా కడుపునిండా అన్నం. మాత్రలకు తిలోదకాలు. సూది ప్రసక్తి లేదు. వేలు పొడిచి చూసుకునే యంత్రంలో అంకె దిగుతున్నది.

చివరగా ఒక దోషం. నీ వ్యాసం వెంట పెట్టిన తెలుగు సారాంశంలో “ఎంజైము నిరోధించబడింది” అని ఉన్నది. ఎవరు నిరోధించారు? ఆకు. అయితే “ఆకు నిరోధించింది” అని వ్రాయడానికి భయమెందుకు? చేసినవాడి పేరు చెప్పు.

జవాబు త్రిమూర్తులు ఐసు దుకాణానికి పంపు. నాకు చేరుతుంది.

తలవంచని నీ మామయ్య,
గోపాలకృష్ణమూర్తి

*

విశాఖపట్నం,
28 జూలై 2025

పూజ్యులైన మామయ్య గారికి, ఫణిశ్రీ నమస్కారాలు.

ఊరి పేరు దాచారు సరే, కవరు మీద కోరుకొండ తపాలా ముద్ర అచ్చుగుద్దినట్టు పడింది. అమ్మకు చెప్పలేదు. మీరు నా మాట వింటే చెప్పను.

మామయ్యా, ఆ డెబ్బైపాళ్ళు మీ కడుపులో జరిగింది కాదు. గాజు గొట్టంలో జరిగింది. గొట్టంలో నేను ఇంత ఎంజైము, ఇంత ఆకు సారం అని కొలిచి పోశాను. మీ పేగులో కొలిచేవాళ్ళు ఎవరు?

మన కొబ్బరి తోటలో కాయలు వలిచే గునపం గుర్తు తెచ్చుకోండి. ఎంజైము ఆ గునపం లాంటిది. అన్నంలోని పిండిపదార్థం వలవని కాయ. గునపం మీద గుచ్చి వలిస్తేనే లోపలి చక్కెర రక్తంలోకి వెళ్తుంది. మల్బరీ ఆకులో చక్కెర పోలిక ఉన్న పదార్థం ఒకటుంది. అది వచ్చి గునపం మొనకి అతుక్కుంటుంది. దాంతో కాయలు వలవకుండా కుప్పపడతాయి. చాలా అందమైన సంగతే. నాకూ ఇష్టమే. కానీ ఆ కుప్ప ఎక్కడికి పోతుందనుకుంటున్నారు? పెద్దపేగుకి పోయి అక్కడ పులుస్తుంది. మీకు ఈపాటికి తెలిసే ఉండాలి, నేను వివరంగా రాయలేను.

ఒక్కటి మాత్రం స్ట్రిక్టుగా చెబుతున్నాను. మాత్రలు మానొద్దు. ఈ ఉత్తరం చదివిన పూటే మళ్ళీ మొదలుపెట్టండి. లేకపోతే అమ్మని, డాక్టరు గారిని వెంటబెట్టుకుని నేనే తోటకి వస్తాను.

త్రిమూర్తులు గారికి కూడా నమస్కారాలు. అవసరమైతే చెయ్యమని నా ఫోన్ నంబరు కింద రాశాను. మీరు సెల్లు ఇంట్లో వదిలేసి వెళ్ళారని అమ్మ చెప్పి ఏడ్చింది.

మీ మేనకోడలు,
ఫణిశ్రీ

*

కోరుకొండ (ఇక దాచి ప్రయోజన మేమున్నది?),
శ్రావణ శుద్ధ దశమి, సోమవారం

చిరంజీవి ఫణిశ్రీకి ఆశీస్సులు.

“స్ట్రిక్టుగా” అన్నావు. కచ్చితంగా, నిక్కచ్చిగా, ఖండితంగా అనే మూడు మాటలు ఇంట్లో ఉండగా నాలుగోదానిని అద్దెకు తెచ్చుకున్నావు. పోనీ.

గాజు గొట్టం అన్నావు, అది నొప్పించింది. నేను గాజు గొట్టానికి తీసిపోయానా? గొట్టం అన్నం తినదు, గొట్టానికి ఆకలి లేదు, గొట్టానికి చెల్లెలు లేదు. ఇవన్నీ ఉన్న నాలో ఆకు పనిచేస్తే, నీ పరిశోధనకు అంతకన్న గట్టి సాక్ష్యం ఏది? మీ పై ప్రొఫెసరుగారు నిన్ను భయపెట్టి ఉంటారు. కనిపెట్టినదానిని కనిపెట్టానని చెప్పుకోలేని స్థితిలో నా మేనకోడలు ఉన్నందుకు విచారిస్తున్నాను.

అయినా నీ ఆజ్ఞను మన్నించాను. మాత్రలు మొదలుపెట్టాను, ఉదయమూ రాత్రీ. నీవు మాత్ర మానవద్దన్నావు గాని, ఆకు మానమనలేదు. ఉత్తరాన్ని పంక్తి పంక్తీ చూశాను, ఎక్కడా అనలేదు. కనుక ఆకూ సాగుతున్నది. నీ మాటా చెల్లింది, నా పంతమూ చెల్లింది. రెండు ఎద్దులు కట్టిన బండి ఒక ఎద్దు బండికన్న వేగంగా పోదా? యంత్రంలో అంకె నేను ఉద్యోగంలో చేరిన నాటి అంకెలా ఉన్నది. నిన్న పనసపొట్టు కూర, ముక్కల పులుసు, పెరుగు, మూడు వడ్డనలు.

పెద్దపేగు సంగతి నీవు సభ్యతగా దాటవేశావు, నేనూ దాటవేస్తాను. త్రిమూర్తులు మాత్రం దాటవేయలేదు. “ఏంటండీ మాస్టారూ, రాత్రంతా పంచాయితీ మోటారు ఏసినట్టుందండి!” అన్నాడు. అతని మొరటుతనాన్ని క్షమించాను.

రేపు ఏకాదశి. యథాప్రకారం నిరాహారం. మాత్ర, కషాయం ఆహారం కావు కనుక వాటికి అభ్యంతరం లేదు. కొండమీది నరసింహస్వామికి దిగువనుంచే నమస్కరించి, నీ పేర అర్చన చేయిస్తాను.

గొట్టం కాని నీ మామయ్య,
గోపాలకృష్ణమూర్తి

*

కోరుకొండ,
జంధ్యాల పౌర్ణమి, శనివారం

చిరంజీవి ఫణిశ్రీకి,

కొత్త యజ్ఞోపవీతం వేసుకొని, కొత్త విజయంతో వ్రాస్తున్నాను.

మంగళవారం నాటి సంగతిలో సగం నీ వెరుగుదువు. ఫోనుకు అటువైపు నీవే ఉన్నావు. ఇటువైపు ఎలా ఉన్నదో విను. మిట్టమధ్యాహ్నం నేను అరుగు మీద కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే పక్కకు ఒరిగాను. చెమట ధారలు కట్టింది. చేతులు నావి కాకుండా పోయాయి. త్రిమూర్తులు పరుగున లోపలికి పోయి, బెల్లం కొట్టి, యాలకులు కూడా వేసి పానకం కలిపి తెచ్చాడు. ఏకాదశి అని చెప్పబోయాను, మాట ముద్దగా వచ్చింది. ఒక గ్లాసు పోశాడు. రెండో గ్లాసు పోశాడు. లోకం ఇంకా దూరంగానే ఉన్నది. మన వైపు కళ్ళు తిరిగినవాడు పానకం పడగానే లేచి కూర్చోవడం నీవూ చూసినదే. నేను లేవలేదు.

అప్పుడు అతడు నీ ఉత్తరం కింది అంకెలు చూసి ఫోను కలిపాడు. గట్టిగా మ్రోగేటట్టు పెట్టాడు, నాకు వినబడుతూనే ఉన్నది.

“అమ్మాయిగారండీ, మాస్టారు తూలిపోతన్నారండి! పానకం పట్టానండి, తేరుకోట్లేదండి.”

“ఏం తిన్నారు?”

“ఏకాశి కదండీ, ఏం తిన్లేదండి. ఆకు కషాయం మాత్రం చెంబుడు తాగారండి.”

“మాత్ర?”

“అదీ ఏసుకున్నారండి. మీరే ఏసుకోమని రాశారంట కదండీ?”

అక్కడ నీవు అరిచావు. నీవు అరవడం నేను మొదటిసారి విన్నాను.

“పానకం ఆపండి! మింగగలుగుతున్నారా? గ్లూకోజు పొడి ఉందా?”

“గ్లూకోజేంటండీ, బెల్లం కన్నా తీపా?”

“తీపి సంగతి కాదండీ! ఆ ఆకు బెల్లాన్నీ పంచదారనీ కూడా విడగొట్టనివ్వదు. గ్లూకోజు తెండి, లేకపోతే తేనె. ముందు పరిగెత్తండి!”

పరిగెత్తాడు పాపం, ఆ బొజ్జతో, కిరాణా కొట్టుకు. పిల్లలు ఎండల్లో తాగే గ్లూకోజు పొట్లం తెచ్చి నీళ్ళలో కలిపి పట్టాడు. కాసేపటికి లోకం దగ్గరకు వచ్చింది. “ఎవరండీ నేనూ?” అని అడిగాడు. “వ్యాకరణం తప్పు, ‘నే నెవరిని’ అనాలి” అన్నానట. వెంటనే నీకు ఫోనులో, “పర్లేదండి, వచ్చేశారండి!” అని చెప్పాడు. తరువాత నీవు పోరగా ఆసుపత్రికి తీసుకుపోయాడు. వాళ్ళు ఆ రాత్రి ఉంచుకొని పంపారు.

ఇప్పుడు నీవు సిద్ధాంతం విను. బెల్లం, పంచదార కూడా వలవవలసిన కాయలే. గ్లూకోజు వలిచి ఉంచిన కాయ. నా పేగులో గునపం మొన మూసుకుపోయి ఉన్నది కనుక పానకం ఓడిపోయింది. అంటే ఏమిటి? నీ గాజు గొట్టంలో జరిగినదే నాలో జరిగింది! తరతరాల పానకాన్ని నిలువరించిన ఆకు అది! నేను పడిపోయింది ఓటమి కాదు, నిరూపణ. ఇక నీ ప్రొఫెసరుగారు ఏమంటారో అననీ.

ఈ సంతోషంలో త్రిమూర్తులు వ్యానులో ఎండు మల్బరీ ఆకు ఒక బస్తా మన ద్రాక్షారామం పంపాను. సగం మీ అమ్మకు, సగం మా పింఛనుదారుల సంఘానికి. “పానకాన్నే ఓడించిన పత్రం; నిస్సంశయంగా సేవించండి” అని నా సంతకంతో ఒక ప్రకటన కూడా జతచేశాను. ప్రధానోపాధ్యాయినిగా రిటైరైన నూకరత్నంగారు కార్యదర్శి. సభలో చదివి వినిపించారట, చప్పట్లు మ్రోగాయట.

విజయుడైన నీ మామయ్య,
గోపాలకృష్ణమూర్తి

*

విశాఖపట్నం,
14 ఆగస్టు 2025

మామయ్యా,

నమస్కారాలు ఉత్తరం చివర పెడతాను. ముందు పెట్టేంత శాంతం లేదు.

మంగళవారం ఫోన్ పెట్టేశాక ల్యాబులో నేల మీద కూర్చుండిపోయాను. మీరు దాన్ని విజయం అంటున్నారు. మీరు మింగలేని స్థితిలోకి వెళ్ళి ఉంటే గ్లూకోజు కూడా పోయడానికి లేదు, గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పుడు మీ నిరూపణ చదవడానికి నేను ఉండేదాన్ని, రాయడానికి మీరు ఉండేవారు కాదు.

మిమ్మల్ని పడగొట్టింది ఆకు ఒక్కటే కాదు. మీ మాత్ర తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని తోడి పోసే రకం. ఖాళీ కడుపున దాన్ని వేసుకోవడమే ప్రమాదం. ఆకు చేసిందేమిటంటే, మీరు పడ్డాక లేపడానికి వచ్చినవాడికి అడ్డం నిలబడింది. మీరు చెప్పిన రెండు ఎద్దుల బండి గట్టు దిగి కాలవలోకి పోయింది.

ఇందులో నాది కూడా ఉంది. మాత్ర మానొద్దని రాశాను, ఆకు మానమని రాయలేదు. ఎందుకు రాయలేదో ఈ వారమంతా ఆలోచించాను. నా ఆకుని మనస్ఫూర్తిగా నమ్మిన మొదటి మనిషి మీరు, మామయ్యా. మా ప్రొఫెసరుగారు కూడా అంత నమ్మలేదు. ఆ సంతోషంలో చేయి ఆగింది.

ఇక అసలు సంగతి. అమ్మ ఇన్సులిన్ మీద ఉందని మీకు తెలుసు. మీ బస్తా వచ్చిన రోజు నుంచి పూటపూటా కషాయం తాగుతోంది. నిన్న ఫోన్‌లో, “కొంచెం దడగా ఉందే, పర్లేదులే, పానకం కలిపి పెట్టుకున్నాను” అంది. కషాయం ఆపమన్నాను. ఏమందో తెలుసా? “అన్నయ్య సంతకం పెట్టి పంపాడే. అన్నయ్య ఏనాడైనా అబద్ధం చెప్పాడా?” డాక్టరు యెహెజ్కేలు గారు వెళ్ళి చెప్పారు. ఆయన మాటా వినలేదు. “నువ్వు మా అన్నయ్య దగ్గర చదువుకున్నవాడివి, ఆయనకి తెలీనిది నీకు తెలుసా?” అందట. సంఘంలో వాళ్ళలో మాత్రలేసుకునేవాళ్ళు, సూదులేసుకునేవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలీదు. మీకు తెలుసు.

నేను చెబితే వినరు, డాక్టరు చెబితే వినరు. మీరు సంతకం పెట్టారు కాబట్టి మీరే చెప్పాలి. నా మీద, నా ప్రొఫెసరు మీద, యెహెజ్కేలు గారి మీద ఎంతైనా పంతం పట్టండి. అమ్మ ప్రాణం మీద పట్టకండి.

ఇదిగో, ఇప్పుడు నమస్కారాలు.

ఫణి

*

ద్రాక్షారామం,
శ్రావణ బహుళ దశమి, సోమవారం

చిరంజీవి ఫణిశ్రీకి, సభాసదులకు,

నీ ఉత్తరం చదివిన గంటలో బస్సెక్కాను. ఇంటికి వెళ్ళలేదు, తిన్నగా మీ అమ్మ వంటింటికి వెళ్ళాను. పొయ్యి మీద కషాయం మరుగుతున్నది. గిన్నె దింపి తూములో పారబోశాను. “అదేంటన్నయ్యా, నువ్వే కదా పంపావు?” అన్నది. “నేనే పంపాను. నాదే తప్పు” అన్నాను. నా నుదుటి మీద చేయి వేసి చూసింది, జ్వరం వచ్చిందేమోనని. పీట వేసుకొని కూర్చుని, నేను కోరుకొండలో పడిపోయిన వైనం మొత్తం చెప్పాను. అప్పటిదాకా ఆమెకు అది తెలియదు. చెల్లెలు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ వ్రాయను. వ్యాకరణరీత్యా అవి నిర్దుష్టంగా ఉన్నాయి. నా ఎదుటే ఆకు సంచి తీసి దొడ్డిలో మేకలకు వేసింది. ఆమె సంగతి తీరింది.

సంఘం సంగతి తీరలేదు. నిన్న ఆదివారం సభకు వెళ్ళాను. లేచి నిలబడి, “మిత్రులారా, ఆ ఆకు నేననుకున్నదానికన్న బలమైనది” అన్నాను. తరువాతి వాక్యం “అందుకే మానండి” అన్నది. అక్కడికి చేరనివ్వలేదు. చప్పట్లు. నేను చెయ్యెత్తి, “నేను పొరబడ్డాను” అన్నాను. నూకరత్నంగారు మైకు అందుకొని, “చూశారా మాస్టారి వినయం! అంత కనిపెట్టి కూడా ఎంత ఒదిగి మాట్లాడుతున్నారో!” అన్నారు. శాలువా కప్పారు. నా తప్పు నేను చెప్పుకోబోతే సన్మానం చేసి పంపిన సభను నా జన్మలో చూడలేదు. బయట మెట్ల మీద ఇద్దరు నన్ను ఆపి, “మాస్టారండీ, మేం మాత్రలు మానేశామండి, ఎంత హాయిగా ఉందోనండి!” అన్నారు. మానవద్దని అరిచాను; నవ్వి, నమస్కరించి వెళ్ళిపోయారు.

కనుక నేను మాట్లాడితే పనిలేదు. నా నోటికి వాళ్ళు అలవాటుపడిపోయారు, ఏమన్నా పాఠమే అనుకుంటారు. ఆకును పరీక్షించినది నీవు. వచ్చే ఆదివారం సభకు నీవు రావాలి. కింద వ్రాసినది నా పాత ప్రకటనకు రద్దు.

సభాసదులారా, ఆకు అబద్ధం కాదు. దాని బలాన్ని నేను ఇప్పటికీ కాదనను, ఎవరన్నా వెక్కిరిస్తే ఊరుకోను. కాని బలమున్నది కనుకనే అది మందు. మందు కనుకనే దానికి కొలత ఉండాలి. ఆ కొలత నా చెంబులో లేదు, మీ గ్లాసులో లేదు, మా ఫణిశ్రీ ప్రయోగశాలలో కూడా ఇంకా తేలలేదు. తేలని కొలతకు నేను సంతకం పెట్టాను. ఆ సంతకాన్ని కొట్టివేస్తున్నాను. మధుమేహానికి మాత్రలు వేసుకునేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు డాక్టరును అడగకుండా ఈ కషాయం ముట్టవద్దు. మాత్రలు మానినవారు ఈ సభ నుంచి తిన్నగా యెహెజ్కేలు దగ్గరకు వెళ్ళండి. ఇప్పటికే కషాయం తాగి తూలితే పానకం, పంచదార నమ్మవద్దు. గ్లూకోజు నోట్లో పడాలి. మింగలేకపోతే ఏమీ పోయక ఆసుపత్రికి పరుగెత్తాలి. పానకం నన్ను లేపలేదు. మిమ్మల్నీ లేపదు.

ఇది వినయం కాదు. నాకు వినయం లేదని నా దగ్గర చదువుకున్న ప్రతివాడికీ తెలుసు.

ఈ ఉదయం సూది వేయించుకున్నాను. యెహెజ్కేలు గెలిచాడని ఎవరైనా అంటే ఒప్పుకోను. గర్భగుడి ముందు తప్ప చొక్కా తియ్యనివాణ్ణి, అతని ముందు పొట్ట మాత్రమే చూపాను, తల వంచలేదు. రేపటి ఏకాదశికి ఉపవాసం వద్దన్నాడు. సరే, దేవుడితో నేను మాట్లాడుకుంటానని చెప్పాను. గుప్పెడన్నం దగ్గర ఇంకా తగువు నడుస్తున్నది, దానిని గుప్పెడున్నరకు తెచ్చాను. రెండుకు తెస్తాను. ఒకనాడు నీవు డాక్టర్ల సమక్షంలో, లెక్క ప్రకారం మనుషుల మీద ఆ ఆకును పరీక్షించే రోజు వస్తే, జాబితాలో మొదటి పేరు నాది ఉండాలి. లేకపోతే నీ ప్రొఫెసరుగారితో నేనే మాట్లాడవలసి వస్తుంది.

ఫణీ, ఆదివారం ఈ ఉత్తరాన్ని సభలో మొదటి నుంచీ బిగ్గరగా చదువు. శాలువా ఇంట్లో వదిలి వచ్చి, ముందు వరుసలో కూర్చుంటాను. మధ్యలో చప్పట్లు కొడితే ఆగు; చప్పుడు తగ్గాక ఆ వాక్యాన్నే మళ్ళీ చదువు. “నాదే తప్పు” అన్న చోట మామయ్య కదా అని గొంతు తగ్గించావో, అక్కడికక్కడే లేచి “గట్టిగా!” అంటాను.